భాగం - 11 : రొమ్ము క్యాన్సర్‌లో చంక గ్రంథుల చికిత్స – శస్త్రచికిత్స, రేడియోథెరపీల పోలిక

విషయక్రమం
11.0 లక్ష్యాలు
11.1 పరిచయం
11.2 చంకలోని లింఫు గ్రంథులు
11.3 చారిత్రక నేపథ్యం
11.4 రెండు చికిత్సా విధానాలు
11.5 అమరోస్ అధ్యయనం
11.6 అంకెలను చదవడం ఎలా?
11.7 ఫలితాలు ఎవరికి వర్తిస్తాయి?
11.8 సారాంశం
11.9 కీలక పదాలు
11.10 మీ ప్రగతిని పరీక్షించుకోండి – జవాబులు
11.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

11.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• రొమ్ము క్యాన్సర్‌లో చంక గ్రంథులకు ఉన్న ప్రాముఖ్యాన్ని వివరించగలుగుతారు.
• గ్రంథులను తొలగించే శస్త్రచికిత్సకు, రేడియోథెరపీకి గల తేడాలను చెప్పగలుగుతారు.
• అమరోస్ అధ్యయనం రూపకల్పనను, ప్రధాన ఫలితాలను విశ్లేషించగలుగుతారు.
• ఒక చికిత్స మరొకదానికి 'తీసిపోదు' అని చెప్పడానికి ఎలాంటి ఆధారం కావాలో తెలుసుకుంటారు.

11.1 పరిచయం

రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పూర్తయిన ఒక స్త్రీని ఊహించుకోండి. గడ్డను తీసివేశారు. ఏడాది గడిచింది. క్యాన్సర్ తిరిగి రాలేదు. కాని ఒకరోజు ఆ వైపు చేతికి గాజులు ఎక్కడం లేదని, జాకెట్టు చెయ్యి బిగుతైందని ఆమె గమనిస్తుంది. నీళ్ల బిందె ఎత్తితే చెయ్యి బరువెక్కుతుంది. ఇది క్యాన్సర్ చేసిన పని కాదు, క్యాన్సర్‌కు చేసిన చికిత్స మిగిల్చిన ఫలితం.

వైద్యంలో ఒక చికిత్సను మరొకదానితో పోల్చేటప్పుడు మనం సాధారణంగా 'ఏది వ్యాధిని బాగా నయం చేస్తుంది?' అని మాత్రమే అడుగుతాం. రెండూ దాదాపు సమానంగా పనిచేస్తే మరో ప్రశ్న అడగాలి: 'ఏ చికిత్స మనిషిని తక్కువ బాధిస్తుంది?' చంక గ్రంథుల చికిత్స విషయంలో ఈ రెండో ప్రశ్నే కీలకమైంది. దానికి జవాబు వెతికిన యూరప్ అధ్యయనం ఒకదాన్ని ఈ భాగంలో వివరంగా పరిశీలిద్దాం. ఆ ఫలితాలను నమ్మడానికి ఎంత ఆధారం ఉందో, ఎక్కడ జాగ్రత్తపడాలో కూడా చూద్దాం.

11.2 చంకలోని లింఫు గ్రంథులు

రక్తనాళాల నుంచి కణజాలంలోకి ఊరిన ద్రవంలో కొంత భాగం లింఫుగా మారి, సన్నని లింఫు నాళాల గుండా ప్రయాణించి, తిరిగి రక్తంలో కలుస్తుంది. దారి పొడవునా చిక్కుడుగింజల వంటి చిన్న గ్రంథులు ఉంటాయి. ఇవి లింఫును వడగట్టి, సూక్ష్మజీవులను అడ్డుకుంటాయి. చేతికి పుండు పడినప్పుడు 'చంకలో బిళ్ళ కట్టింది' అంటాం కదా! ఆ బిళ్ళ ఉబ్బిన లింఫు గ్రంథే.

రొమ్ము నుంచి వచ్చే లింఫులో అధిక భాగం అదే వైపు చంకలోని గ్రంథులకు చేరుతుంది. అందువల్ల గడ్డ నుంచి విడివడిన క్యాన్సర్ కణాలు మొదట చిక్కుకునే చోటు తరచుగా ఇదే. శస్త్రవైద్యులు ఈ గ్రంథులను ఛాతీలోని ఒక చిన్న కండరాన్ని ఆనవాలుగా తీసుకొని మూడు స్థాయిలుగా విభజిస్తారు. కండరానికి బయటి వైపు ఉన్నవి మొదటి స్థాయి, దాని వెనక ఉన్నవి రెండో స్థాయి, లోపలి వైపు ఉన్నవి మూడో స్థాయి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. చేతి నుంచి వచ్చే లింఫు కూడా ఈ చంక గుండానే వెళుతుంది. రొమ్ము క్యాన్సర్ కోసం చంకలో ఏం చేసినా దాని ప్రభావం చేతిపై పడుతుంది. దారి మూసుకుపోతే లింఫు చేతిలో నిలిచిపోయి వాపు వస్తుంది. దీన్ని లింఫెడిమా అంటారు. కోస్తా జిల్లాల వారికి తెలిసిన బోదకాలులో జరిగేది కూడా ఇటువంటిదే. అక్కడ లింఫు మార్గాలను పాడుచేసేది ఫైలేరియా పురుగు, ఇక్కడ చికిత్స.

11.3 చారిత్రక నేపథ్యం

పందొమ్మిదో శతాబ్దం చివర అమెరికాలోని బాల్టిమోర్‌లో విలియం హాల్‌స్టెడ్ అనే శస్త్రవైద్యుడు రొమ్మును, ఛాతీ కండరాలను, చంక గ్రంథులను ఒకేసారి తొలగించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. క్యాన్సర్ గడ్డ నుంచి గ్రంథులకు, గ్రంథుల నుంచి శరీరానికి వరసగా పాకుతుందనీ, ఎంత ఎక్కువ తీసివేస్తే అంత మేలనీ ఆనాటి నమ్మకం. ఈ పద్ధతి ఏడెనిమిది దశాబ్దాలు రాజ్యమేలింది.

1971-74 మధ్య అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ నాయకత్వంలో బి-04 అనే అధ్యయనం ఈ నమ్మకాన్ని పరీక్షించింది. చేతికి గ్రంథులు తగలని 1,079 మంది స్త్రీలను మూడు జట్లుగా చేశారు. మొదటి జట్టుకు హాల్‌స్టెడ్ తరహా శస్త్రచికిత్స చేశారు. రెండో జట్టుకు రొమ్ము తొలగించి, గ్రంథులకు రేడియోథెరపీ ఇచ్చారు. మూడో జట్టుకు రొమ్ము మాత్రమే తొలగించి, తరవాత గ్రంథుల్లో వ్యాధి కనిపించిన వారికే గ్రంథులు తీశారు. 25 సంవత్సరాల తరవాత చూసినా మూడు జట్ల మధ్య జీవించి ఉన్నవారి శాతంలో చెప్పుకోదగిన తేడా లేదు. చంకను ఎంత లోతుగా శుభ్రం చేశామన్నదే ప్రాణాన్ని నిర్ణయించదని దీనివల్ల తెలిసింది.

1990లలో మరో మలుపు వచ్చింది. గడ్డ దగ్గర నీలిరంగు ద్రావణాన్నో, స్వల్ప రేడియోధార్మిక పదార్థాన్నో ఎక్కిస్తే అది లింఫుతో పాటు ప్రయాణించి మొదట ఒకటి రెండు గ్రంథులకు చేరుతుంది. వీటిని సెంటినెల్ గ్రంథులు అంటారు. సెంటినెల్ అంటే కాపలాదారు. ఊరి పొలిమేరలోని కాపలాదారుణ్ణి అడిగితే ఊళ్లోకి ఎవరైనా వచ్చారో లేదో తెలిసినట్లు, ఈ గ్రంథిని తీసి పరీక్షిస్తే మిగిలిన గ్రంథుల స్థితిని అంచనా వేయవచ్చు. అందులో క్యాన్సర్ లేకపోతే మిగిలిన గ్రంథుల జోలికి పోనవసరం లేదు.

మరి అందులో క్యాన్సర్ ఉంటే? అప్పట్లో జవాబు ఒక్కటే: మిగిలిన గ్రంథులను కూడా తీసివేయాలి. ఈ జవాబునే అమరోస్ అధ్యయనం ప్రశ్నించింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
చంక గ్రంథులకు చికిత్స చేస్తే చేతికి వాపు ఎందుకు వస్తుంది?

11.4 రెండు చికిత్సా విధానాలు

11.4.1 గ్రంథుల తొలగింపు

ఈ శస్త్రచికిత్సలో మొదటి, రెండో స్థాయిల గ్రంథులను వాటి చుట్టూ ఉన్న కొవ్వుతో సహా తీసివేస్తారు. తీసిన గ్రంథులన్నింటినీ సూక్ష్మదర్శినితో పరీక్షించి, ఎన్నింటిలో క్యాన్సర్ ఉందో లెక్కించవచ్చు. ఇది దీనిలోని ముఖ్యమైన సదుపాయం. ఒక్క ఆపరేషన్‌తో పని పూర్తవుతుంది.

నష్టాలు కూడా ఉన్నాయి. లింఫు మార్గాలు తెగిపోతాయి. చంక గుండా పోయే చర్మనాడి దెబ్బతింటే పైచేతి లోపలి భాగం మొద్దుబారుతుంది. భుజం కొంతకాలం బిగుసుకుపోవచ్చు.

11.4.2 రేడియోథెరపీ

ఇందులో గ్రంథులు ఉన్నచోటే ఉంటాయి. అధిక శక్తి గల ఎక్స్-కిరణాలు క్యాన్సర్ కణాల డి.ఎన్.ఎ.ను దెబ్బతీస్తాయి. దెబ్బతిన్న కణాలు విభజన చెందలేక నశిస్తాయి. ఆరోగ్యకరమైన కణాలకు తమను తాము బాగుచేసుకునే శక్తి ఎక్కువ. అందుకే మొత్తం మోతాదును ఒకేసారి ఇవ్వకుండా చిన్న చిన్న భాగాలుగా పంచి ఇస్తారు. అమరోస్‌లో ఒక్కొక్కటి 2 గ్రేల చొప్పున 25 విడతలు, అంటే మొత్తం 50 గ్రేలు ఇచ్చారు. గ్రే అనేది కణజాలం గ్రహించిన వికిరణాన్ని కొలిచే ప్రమాణం. వారానికి అయిదు రోజుల చొప్పున దీనికి అయిదు వారాలు పడుతుంది. చంకలోని మూడు స్థాయిలతో పాటు మెడ ఎముక పైభాగంలో కొంత మేరకు కూడా కిరణాలు ప్రసరింపజేశారు.

దీనిలో లోటు ఏమిటంటే, గ్రంథులు శరీరంలోనే ఉంటాయి కాబట్టి ఎన్నింటికి వ్యాధి సోకిందో కచ్చితంగా తెలియదు. కిరణాలు పడిన చోట చర్మం కందిపోవడం, కణజాలం గట్టిపడటం కూడా జరగవచ్చు.

11.5 అమరోస్ అధ్యయనం

11.5.1 రూపకల్పన

ఆంగ్లంలో దీని పూర్తిపేరుకు 'చంకను పరిశీలించిన తరవాత రేడియోథెరపీయా, శస్త్రచికిత్సా?' అని అర్థం. యూరప్ క్యాన్సర్ పరిశోధన, చికిత్సా సంస్థ దీన్ని నిర్వహించింది. 2001 ఫిబ్రవరి నుంచి 2010 ఏప్రిల్ వరకు 9 యూరప్ దేశాల్లోని 34 కేంద్రాల్లో స్త్రీలను చేర్చుకున్నారు. వారందరికీ వ్యాధి తొలి దశలో ఉంది, చంకలో గ్రంథులు చేతికి తగలడం లేదు.

అర్హులైన 4,806 మందిని ముందుగానే యాదృచ్ఛికంగా రెండు జట్లుగా విభజించారు. అంటే ఎవరికి ఏ చికిత్స అన్నది వైద్యుడి ఇష్టాన్ని బట్టి కాక చీటీ వేసినట్లుగా నిర్ణయమైంది. తరవాత సెంటినెల్ గ్రంథిని పరీక్షించగా 1,425 మందికి అందులో క్యాన్సర్ కనిపించింది. వీరిలో 744 మంది శస్త్రచికిత్స జట్టుకు, 681 మంది రేడియోథెరపీ జట్టుకు చెందినవారు. విభజన పరీక్షకు ముందే జరిగింది కాబట్టి రెండు జట్ల సంఖ్య సమానంగా లేదని గమనించండి.

11.5.2 ఫలితాలు

అయిదేళ్ల ఫలితాలు 2014లో ప్రచురితమయ్యాయి. పదేళ్ల ఫలితాలు 2023లో వచ్చాయి. ప్రధానమైనవి ఇవి:

పట్టిక 11.1 : అమరోస్ ప్రధాన ఫలితాలు
• 5 ఏళ్లలో చంకలో క్యాన్సర్ తిరగబెట్టినవారు: శస్త్రచికిత్స 0.43%, రేడియోథెరపీ 1.19%
• 10 ఏళ్లలో చంకలో తిరగబెట్టినవారు: శస్త్రచికిత్స 0.93%, రేడియోథెరపీ 1.82%
• 10 ఏళ్లకు జీవించి ఉన్నవారు: శస్త్రచికిత్స 84.6%, రేడియోథెరపీ 81.4%
• 1 ఏడాదికి చేతివాపు లక్షణాలు ఉన్నవారు: శస్త్రచికిత్స 28%, రేడియోథెరపీ 15%
• 5 ఏళ్లకు చేతివాపు లక్షణాలు ఉన్నవారు: శస్త్రచికిత్స 23%, రేడియోథెరపీ 11%

తిరగబెట్టడంలో గాని, జీవించి ఉన్నవారి శాతంలో గాని కనిపించే తేడాలు గణాంకపరంగా సార్థకమైనవి కావు. అంటే ఆ మాత్రం తేడా కేవలం యాదృచ్ఛికంగా కూడా రావచ్చు. చేతివాపులోని తేడా మాత్రం స్పష్టమైనది. శస్త్రచికిత్స జట్టులో అది దాదాపు రెట్టింపు. భుజం కదలికలో, జీవన నాణ్యతకు సంబంధించిన ప్రశ్నావళి జవాబుల్లో రెండు జట్ల మధ్య సార్థకమైన తేడా కనిపించలేదు.

హంగరీలోని బుడాపెస్ట్‌లో 474 మందిపై జరిగిన ఒటోవాసోర్ అనే మరో అధ్యయనం కూడా ఇదే దిశను చూపింది. ఎనిమిదేళ్లకు చంకలో తిరగబెట్టినవారు శస్త్రచికిత్స జట్టులో 2.0%, రేడియోథెరపీ జట్టులో 1.7%.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
అమరోస్‌లో రెండు జట్ల సంఖ్య ఎందుకు సమానంగా లేదు?

11.6 అంకెలను చదవడం ఎలా?

11.6.1 దాగి ఉన్న వ్యాధి

శస్త్రచికిత్స జట్టులో మిగిలిన గ్రంథులను తీసి పరీక్షించినప్పుడు సుమారు 33% మందికి వాటిలో కూడా క్యాన్సర్ ఉన్నట్లు తేలింది. విభజన యాదృచ్ఛికంగా జరిగింది కాబట్టి రేడియోథెరపీ జట్టులో కూడా దాదాపు మూడోవంతు మందికి, అంటే రెండు వందల మందికి పైగా, అలాంటి వ్యాధి ఉండి ఉంటుంది. వారి గ్రంథులను ఎవరూ తీయలేదు. అయినా 2014 నివేదిక నాటికి ఆ జట్టులో చంకలో క్యాన్సర్ తిరగబెట్టింది ఏడుగురికే. శస్త్రచికిత్స జట్టులో నలుగురికి. కంటికి కనిపించని ఆ వ్యాధిని రేడియోథెరపీ, దానితో పాటు ఎక్కువ మంది తీసుకున్న కీమోథెరపీ, హార్మోన్ మందులు కలిసి అదుపు చేశాయని దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

11.6.2 'తీసిపోదు' అని నిరూపించడం

అమరోస్ లక్ష్యం రేడియోథెరపీ మెరుగైనదని చూపడం కాదు, శస్త్రచికిత్సకు తీసిపోదని చూపడం. ఇటువంటి అధ్యయనంలో 'ఎంతవరకు తగ్గినా సరిపెట్టుకోవచ్చు' అనే హద్దును ముందే గీయాలి. అయిదేళ్లలో శస్త్రచికిత్స జట్టులో 2% మందికి తిరగబెడుతుందని అంచనా వేశారు. రేడియోథెరపీ జట్టులో 4% మించకపోతే, అంటే రెండు రెట్లు దాటకపోతే, అది తీసిపోదని ఒప్పుకోవాలనుకున్నారు.

వాస్తవంలో రెండు జట్లలోనూ కలిపి పదకొండు మందికే తిరగబెట్టింది. రోగుల దృష్టిలో ఇది శుభవార్త. గణాంక శాస్త్రం దృష్టిలో ఇది ఇబ్బంది. ఇంత తక్కువ సంఘటనలతో కచ్చితమైన నిర్ణయానికి రాలేం. ప్రమాద నిష్పత్తికి 95% విశ్వాస అంతరం 0 నుంచి 5.27 వరకు విస్తరించింది. ముందు గీసుకున్న హద్దు 2. అందువల్ల ముందుగా తలపెట్టిన పద్ధతిలో తీసిపోనితనాన్ని నిరూపించడానికి ఈ పరీక్షకు శక్తి చాలలేదని పరిశోధకులే నివేదికలో రాశారు.

అయితే అధ్యయనం విఫలమైందా? ఇక్కడ నిష్పత్తికి, అసలు సంఖ్యకు మధ్య తేడాను గుర్తుపెట్టుకోండి. 0.43 శాతాన్ని 5.27తో హెచ్చవేస్తే సుమారు 2.3% వస్తుంది. అంటే అంతరంలోని చివరి విలువే నిజమనుకున్నా, ముందుగా ఆమోదయోగ్యమనుకున్న 4% కంటే అది తక్కువే. 'అయిదు రెట్లు' అనే మాట భయపెడుతుంది. దేనికి అయిదు రెట్లు అని అడిగితే భయం తగ్గుతుంది. ఆరోగ్య వార్తలు చదివేటప్పుడు ఈ ప్రశ్నను మీరు ఎప్పుడూ అడగాలి.

11.6.3 వెయ్యి మంది లెక్క

శాతాలను మనుషుల సంఖ్యగా మార్చి చూద్దాం. వెయ్యి మంది స్త్రీలకు శస్త్రచికిత్సకు బదులు రేడియోథెరపీ ఇస్తే, పట్టిక 11.1 ప్రకారం అయిదేళ్లలో చంకలో తిరగబెట్టేవారు సుమారు 4 నుంచి 12కు పెరుగుతారు. అంటే ఎనిమిది మంది ఎక్కువ. అయిదేళ్లకు చేతివాపు ఉన్నవారు 230 నుంచి 110కి తగ్గుతారు. అంటే 120 మంది తక్కువ. ఎనిమిది మంది అన్న అంకెలో అనిశ్చితి ఎక్కువ, 120 అన్న అంకె దానికంటే గట్టిది. అయినా ఎనిమిదినీ నూట ఇరవైనీ ఒకే తక్కెడలో తూచలేం. క్యాన్సర్ తిరగబెట్టడం, చెయ్యి వాయడం ఒకే బరువున్న నష్టాలు కావు. ఆ బరువును నిర్ణయించవలసింది వైద్యుని సలహాతో రోగి.

11.6.4 గమనించవలసిన పరిమితులు

ఒకటి, అయిదేళ్లకు చేతివాపు సమాచారం అందరికీ లేదు. శస్త్రచికిత్స జట్టులో 328 మందిలో 76 మందికి, రేడియోథెరపీ జట్టులో 286 మందిలో 31 మందికి వాపు ఉందని నమోదైంది. మిగిలినవారి స్థితి ఈ లెక్కలో లేదు. రెండు, పదేళ్లలో మరో కొత్త క్యాన్సర్ వచ్చినవారు శస్త్రచికిత్స జట్టులో 8.3% కాగా రేడియోథెరపీ జట్టులో 12.1%. దీనికి రేడియోథెరపీయే కారణమని ఈ ఒక్క అంకెతో తేల్చలేం. అలాగని పక్కకు నెట్టనూ లేం. ముఖ్యంగా చిన్న వయసు స్త్రీల విషయంలో వైద్యులు దీన్ని చర్చించాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 3
అమరోస్‌లో తిరగబెట్టిన సంఘటనలు తక్కువగా ఉండటం వల్ల ఏ ఇబ్బంది ఎదురైంది?

11.7 ఫలితాలు ఎవరికి వర్తిస్తాయి?

ఏ అధ్యయనం ఫలితమైనా అందులో పాల్గొన్నవారి వంటి వారికే నేరుగా వర్తిస్తుంది. అమరోస్‌లో చేరినవారికి చంకలో గ్రంథులు చేతికి తగలలేదు. మన దేశంలో చాలామంది స్త్రీలు గడ్డ పెద్దదై, చంకలో బిళ్ళలు తగులుతున్న దశలో ఆసుపత్రికి వస్తున్నారు. వారికి ఈ ఫలితాలను యథాతథంగా అన్వయించకూడదు. అటువంటి వారికి తరచుగా ముందు కీమోథెరపీ ఇచ్చి, తరవాత చంక స్థితిని బట్టి నిర్ణయిస్తారు. గ్రంథుల తొలగింపు అవసరం వారిలో చాలామందికి ఇప్పటికీ ఉంది. ఆలస్యం వల్ల నష్టపోయేది ఆయుష్షు మాత్రమే కాదు, తేలికైన చికిత్సను ఎంచుకునే అవకాశం కూడా.

సౌకర్యాలు మరో విషయం. రేడియోథెరపీ యంత్రాలు ఎక్కువగా పెద్ద నగరాల్లోనే ఉన్నాయి. దూరపు మండలం నుంచి వచ్చే స్త్రీ అయిదు వారాలు నగరంలో ఉండాలంటే బస, తోడు, పోయిన కూలి అన్నీ లెక్కలోకి వస్తాయి. మరోవైపు నాట్లు వేసే, బరువులు మోసే స్త్రీకి చేతివాపు బతుకుదెరువునే దెబ్బతీస్తుంది. కాబట్టి ఒకే ఫలితం ఇద్దరు స్త్రీలను రెండు వేర్వేరు నిర్ణయాలకు చేర్చవచ్చు. రెండూ సరైనవే కావచ్చు.

కొందరికి ఈ రెండు చికిత్సల్లో ఏదీ అవసరం లేకపోవచ్చు. అమెరికాలో జరిగిన జడ్-0011 అధ్యయనంలో ఒకటి రెండు సెంటినెల్ గ్రంథుల్లో క్యాన్సర్ ఉండి, రొమ్మును కాపాడే శస్త్రచికిత్స, రొమ్ముకు రేడియోథెరపీ పొందినవారిని పరిశీలించారు. మిగిలిన గ్రంథులు తీయనివారిలో పదేళ్లకు 86.3%, తీసినవారిలో 83.6% జీవించి ఉన్నారు. గ్రంథులు తీయకపోవడం వల్ల ఆయుష్షు తగ్గలేదన్నమాట. హాల్‌స్టెడ్ కాలం నుంచి నేటివరకు చంక చికిత్స చరిత్ర 'ఎంత తీయగలం' అన్న ప్రశ్న నుంచి 'ఎంత తీయకుండా ఉండగలం' అన్న ప్రశ్నకు సాగిన ప్రయాణం.

గమనిక: ఈ పాఠం అధ్యయనం కోసం ఉద్దేశించినది. మీ కుటుంబంలోగాని, ఇరుగుపొరుగులోగాని ఎవరికైనా ఈ వ్యాధి ఉంటే చికిత్సా నిర్ణయాన్ని క్యాన్సర్ నిపుణులతో మాట్లాడి తీసుకోవాలి. 'నా చంక గ్రంథులకు ఏం చేయబోతున్నారు? వేరే మార్గం ఉందా? చేతికి ఏమవుతుంది?' అని అడిగే హక్కు రోగికి ఉంది.

11.8 సారాంశం

రొమ్ము లింఫు, చేతి లింఫు రెండూ చంక గుండానే వెళతాయి. అందుకే చంకకు చేసే చికిత్స చేతిపై ప్రభావం చూపుతుంది. తొలి దశలో ఉండి, గ్రంథులు చేతికి తగలక, సెంటినెల్ గ్రంథిలో మాత్రం క్యాన్సర్ బయటపడిన స్త్రీలలో గ్రంథుల తొలగింపును, రేడియోథెరపీని అమరోస్ అధ్యయనం పోల్చింది. చంకలో క్యాన్సర్ తిరగబెట్టడం రెండింటిలోనూ చాలా తక్కువ. చేతివాపు రేడియోథెరపీ పొందినవారిలో దాదాపు సగం. సంఘటనలు తక్కువ కావడం వల్ల తీసిపోనితనాన్ని తలపెట్టిన పద్ధతిలో నిరూపించలేకపోయారు. అయినా అసలు సంఖ్యలు రేడియోథెరపీని అంగీకారయోగ్యమైన ప్రత్యామ్నాయంగా నిలబెడుతున్నాయి. గ్రంథులు చేతికి తగులుతున్నవారికి ఈ ఫలితాలు నేరుగా వర్తించవు.

11.9 కీలక పదాలు

సెంటినెల్ గ్రంథి: గడ్డ నుంచి వచ్చే లింఫు మొదట చేరే గ్రంథి.
లింఫెడిమా: లింఫు ప్రవాహానికి అడ్డంకి ఏర్పడి వచ్చే దీర్ఘకాలిక వాపు.
యాదృచ్ఛిక విభజన: ఎవరి ఇష్టానికీ తావు లేకుండా, చీటీ వేసినట్లుగా వ్యక్తులను జట్లుగా చేయడం.
విశ్వాస అంతరం: అసలు విలువ ఏ హద్దుల మధ్య ఉండవచ్చో తెలిపే అంచనా.
గ్రే: కణజాలం గ్రహించిన వికిరణాన్ని కొలిచే ప్రమాణం.

11.10 మీ ప్రగతిని పరీక్షించుకోండి – జవాబులు

1. చేతి నుంచి వచ్చే లింఫు కూడా చంక గుండానే ప్రవహిస్తుంది. చికిత్స వల్ల ఆ మార్గం దెబ్బతింటే లింఫు చేతిలో నిలిచి వాపు వస్తుంది.
2. విభజన సెంటినెల్ గ్రంథి పరీక్షకు ముందే జరిగింది. తరవాత గ్రంథిలో క్యాన్సర్ కనిపించినవారి సంఖ్య రెండు జట్లలో ఒకేలా లేదు.
3. విశ్వాస అంతరం చాలా వెడల్పయి, ముందుగా నిర్ణయించిన హద్దును దాటింది. అందువల్ల తీసిపోనితనాన్ని తలపెట్టిన పద్ధతిలో నిరూపించలేకపోయారు.

11.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. అమరోస్ అధ్యయనం రూపకల్పనను, ఫలితాలను విశ్లేషించండి.
2. చంక గ్రంథుల చికిత్సలో హాల్‌స్టెడ్ కాలం నుంచి వచ్చిన మార్పులను వివరించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. సెంటినెల్ గ్రంథి పరీక్ష ప్రయోజనం ఏమిటి?
2. నిష్పత్తికి, అసలు సంఖ్యకు మధ్య తేడాను ఒక ఉదాహరణతో చెప్పండి.
3. అమరోస్ ఫలితాలను మన ప్రాంతపు రోగులకు అన్వయించేటప్పుడు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?